గుట్ట మీది మోడులు కొట్టేసి పచ్చ మొక్కలు నాటాలా, వద్దా?

నార్సింగి_నివాసి:
మా కాలనీ వెనక రాతి గుట్ట ఉంది, నాలుగెకరాలు ఉండొచ్చు. ఫిబ్రవరి దాటితే అంతా మోడులే. ఎండు గడ్డి, ముళ్లు, పాములు. జేసీబీ పెట్టి చదును చేసి, ఏడాదంతా పచ్చగా ఉండే కోనోకార్పస్ వేద్దామని సంఘం వాళ్లు అంటున్నారు. నేనూ అటే. వద్దనేవాళ్లు కారణం చెప్పండి. "ప్రకృతి తల్లి" డైలాగులు మాత్రం వద్దు.

మోదుగాకు:
కారణమే చెప్తాను. ఆకు లేనంత మాత్రాన చెట్టు చచ్చినట్టు కాదు. బండ మీద మట్టి ఎంతుంటుంది? చలికాలం పోతూనే తడి ఆరిపోతుంది. ఆకులుంటే ఉన్న కాస్త నీళ్లూ ఆవిరైపోతాయి, అందుకే రాల్చేస్తుంది. మీకు బోసిగా కనిపించే ఈ రోజుల్లోనే మోదుగ పూస్తుంది. కొండగోగు ఒక్క ఆకు లేకుండా పసుప్పచ్చగా విచ్చుకుంటుంది. పొద్దున్నే వెళ్లి పూసిన మోదుగ కింద నిలబడండి, మైనాలు, తేనెపిట్టల గోలలో ఫోన్ మాట వినపడదు. ఏప్రిల్, మేలో రేల. వానలు పడ్డాక సీతాఫలం. బతుకమ్మ నాటికి తంగేడు, గునుగు. సంక్రాంతికి రేగుపళ్లు. చదును చేస్తే ఇవన్నీ పోయి పన్నెండు నెలలూ ఒకే ఆకుపచ్చ గోడ చూస్తూ కూర్చోవాలి.

గోడపక్క_ఇల్లు:
అన్నా, పూల సంగతి సరే. పోయినేడు మా పక్క ఖాళీ జాగాలో ఎవడో బీడీ పారేస్తే గడ్డి అంటుకుని మా గోడ దాకా వచ్చింది. బకెట్లతో ఆర్పుకున్నాం. మైనాలు మీకు, టెన్షన్ మాకా?

మోదుగాకు:
ఆ భయం నిజమే, కాదనను. అడవుల్లో ఎండలు ముదరకముందే గడ్డి తీసేసి ఖాళీ బాట వదులుతారు, ఫైర్ లైన్ అంటారు. గోడ వెంట అదే చేయించండి. అంటుకునేది ముందు గడ్డి, దానికి చెట్లెందుకు కొట్టడం?

రిటైర్డ్_ఏఈఓ:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. ఈ నెలలో గుట్ట మీద ఏదైనా పచ్చగా కనిపిస్తే దగ్గరికెళ్లి చూడండి, చాలాచోట్ల అది సర్కారు తుమ్మే! మేకలు కాయ తిని ఊరంతా విత్తనం చల్లుతాయి. కొట్టేస్తే మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది, వేరు తవ్వాల్సిందే. దాని గుబురు కింద మన మొక్కలు లేవవు. జేసీబీ తెస్తే దానికోసం తెండి. పచ్చదనమే కొలత అయితే మొదటి బహుమతి దానికే ఇవ్వాలి. ఇక కోనోకార్పస్ సోమాలియా, యెమెన్ వైపు చెట్టు. అడవుల్లో, ప్రభుత్వ నర్సరీల్లో అది వద్దని గుజరాత్ 2023లోనే నిషేధించింది.

నార్సింగి_నివాసి:
బయటిదని వద్దంటే సీతాఫలం సంగతేంటి సార్? అదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే. బుట్టలకు బుట్టలు తింటున్నాం కదా.

రిటైర్డ్_ఏఈఓ:
బాగా పట్టుకున్నారు. పుట్టిన ఊరు అడగను లెండి, పక్కవాళ్లను బతకనిస్తుందా అని చూస్తాను. సీతాఫలం పక్కనే తంగేడూ పూస్తుంది. సర్కారు తుమ్మ గుబురులో తంగేడు నాకెప్పుడూ కనిపించలేదు.

మణికొండ_వదిన:
మే నెలలో మా అత్తయ్య సాయంత్రం నడకకు వెళ్లాలంటే నీడ కావాలి. మోదుగ గురించి ఎంత చెప్పినా నీడ రాదు కదండీ?

మోదుగాకు:
వదినా, దారి వెంట కానుగ, వేప వేయించండి. ఇవీ ఆకు రాలుస్తాయి, కానీ ఉగాది నాటికల్లా చిగురు తొడుగుతాయి, మే వచ్చేసరికి నిండు నీడ. గుట్ట పైకి ఎవరూ వాకింగ్‌కి వెళ్లరు, దాన్ని వదిలేయొచ్చు.

నార్సింగి_నివాసి:
నేనింకా ఒప్పుకోలేదు. పాముల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆదివారం మీటింగ్‌లో ఫైర్ లైన్, సర్కారు తుమ్మ సంగతి మాత్రం పెడతాను. ఈలోగా ఒక డౌట్. వాటర్ ట్యాంకు వెనక బండ సందులో వంకర కొమ్మల చెట్టు ఉంది. ఆకు లేదు, పెద్ద పెద్ద పసుపు పూలు. కొండగోగంటే అదేనా? జేసీబీ అతను అటు నుంచే మొదలుపెడతానన్నాడు.