యుద్ధనౌకల రాజ్యం ఎందుకు కూలింది?

కావలి కుర్రోడు: 1906లో బ్రిటన్ యుద్ధనౌక డ్రెడ్‌నాట్ వచ్చాక దేశాలన్నీ పోటీపడి బ్యాటిల్‌షిప్‌లు (పెద్ద ఫిరంగుల భారీ యుద్ధనౌకలు) కట్టాయి గదా. నలభై ఏళ్లకే అవి ఎందుకు పనికిరాకుండా పోయాయి? అంత మందం ఉక్కు కవచం ఏమైనట్టు?

ఒంగోలు పాఠకుడు: ముందు డ్రెడ్‌నాట్ గొప్పేందో చూడు తమ్ముడూ. అంతకుముందు ఓడల్లో 12 అంగుళాల ఫిరంగులు మామూలుగా నాలుగే, దీనికి పది. అన్నీ ఒకే సైజు కాబట్టి, గుండు పడినచోట లేచే నీటి స్తంభాన్ని చూసి గురి సరిచేసుకోవడం తేలికైంది. పైగా స్టీమ్ టర్బైన్లతో 21 నాట్ల (గంటకు సుమారు 39 కి.మీ.) వేగం.

కృష్ణపట్నం రేవు: దెబ్బ కొట్టింది దూరం అన్నా. జపాన్ బ్యాటిల్‌షిప్ యమాటో 46 సెం.మీ. ఫిరంగి 42 కి.మీ. కొడుతుంది, అంటే నెల్లూరులో పేలిస్తే గూడూరు దాటి పడుతుంది. కానీ కదిలే ఓడకి నిజంగా తగిలిన అత్యధిక దూరం సుమారు 24 కి.మీ.నే. విమానాలు వందల కిలోమీటర్ల అవతల నుంచి వచ్చేస్తాయి.

కవచం సంగతికొస్తే, విమానాలు వదిలే టార్పెడో (నీళ్లలో దూసుకెళ్లి పేలే ఆయుధం) నీళ్ల కింద కొడుతుంది. 1941 డిసెంబర్ 10న మలయా (ఇప్పటి మలేసియా) తీరంలో బ్రిటన్ బ్యాటిల్‌షిప్ ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌కి జపాన్ విమానాల టార్పెడో ఎడమవైపు ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర తగిలింది. వంగిన షాఫ్ట్ తిరుగుతూ లోపలి గోడల సీళ్లను చీల్చేసింది. నీళ్లు చొరబడి జనరేటర్లు ఆగాయి. కరెంటు లేక నీళ్లు తోడే పంపులు, విమానాలను కొట్టే ఫిరంగుల్లో చాలావరకు పడకేశాయి. నా లెక్కన అసలు బలహీనత అదే.

కావలి కుర్రోడు: మరి యమాటో?

కృష్ణపట్నం రేవు: 1945 ఏప్రిల్ 7న మునిగింది. అమెరికా విమానాలు టార్పెడోలు ఎక్కువగా ఎడమవైపే కొట్టాయి. ఒరుగు సరిచేయడానికి కుడివైపు గదుల్లోకి నీళ్లు వదిలారు గానీ చాల్లేదు.

ఒంగోలు పాఠకుడు: తీరం మీద గుళ్లు కురిపించడానికి మాత్రం చాన్నాళ్లు పనికొచ్చాయి. అమెరికా బ్యాటిల్‌షిప్ మిస్సోరీ 1991 గల్ఫ్ యుద్ధంలో కూడా పేల్చింది.