చోటు తెలిసిన క్వారీ పేలుడే 1.4 కి.మీ. అవతల పడుతోంది: టెక్కలి దగ్గర ప్రకంపనల మూలం లెక్కలో తేడా ఎక్కడ?

నౌపడ_నోడ్:
టెక్కలి నుంచి నౌపడ వెళ్లే రోడ్డు పొడుగునా 5 కిలోమీటర్లలో ఆరు పెట్టెలు పెట్టాం. అన్నిట్లో 4.5 హెర్ట్జ్ నిలువు జియోఫోన్ (నేల కదలికను కరెంటు సంకేతంగా మార్చే సెన్సర్), ఒక్కదాంట్లో మాత్రం మూడు దిక్కుల సెన్సర్. సెకనుకు 250 శాంపిళ్లు. టైమ్ మొబైల్ డేటా మీద, నెట్ నుంచి గడియారం సరిచేసుకునే ఎన్‌టీపీతో తీసుకుంటున్నాయి. వానలు పడ్డాక భూమిలోంచి చప్పుళ్లు వస్తున్నాయని ఊళ్లోవాళ్లు అంటున్నారు, అవెక్కడివో తేల్చాలి. పీ అల (అన్నిటికంటే ముందు చేరే అల) రాకను చేత్తో గుర్తించి, ఒక అంచనాతో మొదలుపెట్టి దాన్ని సరిదిద్దుకుంటూ పోయే గైగర్ పద్ధతిలో లెక్క వేస్తున్నాం. ఆర్‌ఎంఎస్ (లెక్కకూ కొలతకూ మధ్య సగటు తేడా) 0.03 సెకన్లే వస్తోంది. కానీ లోతు 9 కి.మీ. అంటోంది, మొదటి అంచనా మారిస్తే అదే ఘటన రోడ్డుకు అటోసారి ఇటోసారి పడుతోంది. చోటు తెలిసిన క్వారీ పేలుడు కూడా 1.4 కి.మీ. అవతల చూపించింది. సెన్సర్లు మార్చాలా, ప్రోగ్రామ్ మార్చాలా?

కొండరాయి:
రెండూ అక్కర్లేదు మాస్టారూ, పెట్టెలు జరపండి.

అన్నీ ఒకే గీత మీద ఉంటే, ప్రకంపన రోడ్డుకు ఎడమన 2 కి.మీ.లో పుట్టినా, కుడిన 2 కి.మీ.లో పుట్టినా, సరిగ్గా కింద 2 కి.మీ. లోతులో పుట్టినా పీ అల పెట్టెలకు ఒకే తేడాలతో చేరుతుంది. గీతకు గాజు తొడిగినట్టు ఒక వలయం ఏర్పడుతుంది, దాని మీద ఏ చుక్కయినా లెక్కకు సమానమే. గైగర్ పద్ధతి మీరిచ్చిన మొదటి అంచనాకు దగ్గర్లో ఎక్కడ కుదిరితే అక్కడ ఆగిపోతుంది. అటూ ఇటూ పడటం అందుకే.

ఆర్‌ఎంఎస్ చూసి మురిసిపోకండి. తెలియనివి నాలుగు: రెండు అడ్డం కొలతలు, లోతు, పుట్టిన క్షణం. మీ చేతిలో ఉన్నవి ఆరు రాకలు. నాలుగు పోతే మిగిలేవి రెండే, అవి ఎలాగోలా సర్దుకుంటాయి.

రోడ్డు మీద రెండు ఉంచి, చెరోవైపు రెండేసి పెట్టెలు 2, 3 కి.మీ. లోపలికి తీసుకెళ్లండి. మూలం నుంచి చూస్తే పక్కపక్క పెట్టెల మధ్య ఖాళీ కోణం 180 డిగ్రీలు దాటకూడదు. లోతు కావాలంటే కనీసం ఒక పెట్టె, ఆ లోతుకు మించని దూరంలో ఉండాలి. ఒక కిలోమీటరు లోతు ఘటనకు దగ్గరి పెట్టె 4 కి.మీ.లో ఉంటే, ఆ లోతు అంకె వట్టిదే.

పీపీఎస్_ప్రియుడు:
పెట్టెలు జరిపినా ఎన్‌టీపీ ఉన్నంతవరకూ తిప్పలు తప్పవు. మొబైల్ డేటా మీద 20 మిల్లీసెకన్ల తేడా మామూలే. గట్టి రాతిలో పీ వేగం సెకనుకు దాదాపు 6 కి.మీ. కాబట్టి ఆ తేడా ఒక్కటే 120 మీటర్లు తింటుంది. పీపీఎస్, అంటే సెకనుకో కచ్చితమైన పల్స్, వచ్చే జీపీఎస్ మాడ్యూల్ పెట్టండి. యాంటెన్నాకి ఆకాశం కనపడాలి, గుబురు జీడితోటలో పెడితే సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది. సిగ్నల్ పోయినప్పుడు పెట్టె సొంత క్రిస్టల్ మీద నడుస్తుంది. 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతుల తేడా) క్రిస్టల్ గంటకు 72 మిల్లీసెకన్లు జారుతుంది. లాగ్‌లో జీపీఎస్ లాక్ పోయిన గంటలను పక్కన పడేయండి, సరిదిద్దాలని చూడకండి.

పాతేముందు ఒక పరీక్ష. నేల మీద ఇనుప పలక వేసి, దాని చుట్టూ 5 మీటర్ల దూరంలో ఆరు జియోఫోన్లనూ అర్ధచంద్రంగా గుచ్చి, సమ్మెటతో పలక మీద కొట్టండి. వరసగా గుచ్చితే దూరాల తేడాయే టైమ్ తేడాలా కనిపిస్తుంది, మట్టిలో అల అంత నెమ్మది. రాకలు ఒక శాంపిల్, అంటే 4 మిల్లీసెకన్ల లోపు కలవాలి. మొదటి కదలిక అన్నిట్లో ఒకేవైపు ఉండాలి. ఒకటి తిరగబడితే వైర్లు తారుమారైనట్టు. పెట్టెలు పీకాక మళ్లీ ఇదే చేయండి.

ఇంకోటి, పీ రాకను జీరో ఫేజ్ ఫిల్టర్ (ముందుకూ వెనక్కూ రెండుసార్లు నడిపేది) వేసిన రికార్డు మీద గుర్తించకండి. అది అసలు రాకకు ముందే చిన్న అల పుట్టిస్తుంది. ముడి రికార్డు మీదే చూడండి.

ఖోండలైట్:
గడియారం సరే, నేల సంగతి ఎవరూ ఎత్తలేదు. మన దగ్గర ఒక పెట్టె బండ మీద కూర్చుంటే, పక్కది గెడ్డ ఒడ్డున ఎర్రమట్టిలో ఉంటుంది. 15 మీటర్ల మెత్తటి పొరలో వేగం సెకనుకు 600 మీటర్లనుకుంటే దాటడానికి 25 మిల్లీసెకన్లు. అదే మందం గట్టి రాయి చార్నకైట్‌లో మూడు కూడా పట్టదు. ప్రోగ్రామ్‌లో ఒకే వేగం ఇస్తే ఆ 22 మిల్లీసెకన్లు మూలాన్ని వంద మీటర్ల పైనే పక్కకు లాగుతాయి.

దీనికి మందు మీ క్వారీ పేలుడే. క్వారీవాళ్లతో మాట్లాడి, మొదట పేలే రంధ్రం జీపీఎస్ కొలత తీసుకోండి. బ్లాస్టర్ అనుమతితో ఒక పెట్టెను 200 మీటర్లలో వదిలి, మనుషులు బయటికి వచ్చేయాలి. అక్కడి రాకలోంచి 200 మీటర్ల ప్రయాణం, దాదాపు 33 మిల్లీసెకన్లు తీసేస్తే పేలిన క్షణం. ఇక ప్రతి పెట్టెకూ లెక్క ప్రకారం రావాల్సిన టైమ్‌కీ, వచ్చిన టైమ్‌కీ తేడా రాసుకోండి. అదే ఆ పెట్టె సవరణ. నాలుగైదు పేలుళ్ల మధ్యస్థ విలువ వాడండి. క్వారీలో డిలే డిటొనేటర్లు వాడతారు, రంధ్రాలు ఒకదాని తర్వాత ఒకటి పేలతాయి. కాబట్టి మొదటి రాకే పనికొస్తుంది, పీ తర్వాత నెమ్మదిగా వచ్చే ఎస్ అల ఆ గందరగోళంలో కలిసిపోతుంది.

పేలుడు అన్నివైపులకూ నెడుతుంది కాబట్టి మొదటి కదలిక అన్ని పెట్టెల్లో పైకే ఉండాలి. రాతి జారుడైతే కొన్నిట్లో పైకి, కొన్నిట్లో కిందికి. ఊళ్లో చప్పుడు క్వారీదా కాదా అన్నది ఇక్కడ కొంత తేలుతుంది.

నౌపడ_నోడ్:
పీపీఎస్ మాడ్యూళ్లు పెట్టి, పెట్టెలు రెండువైపులా సర్దాం. సవరణలు వేశాక పేలుడు 150 మీటర్ల లోపు పడుతోంది. లోతు మాత్రం ఇంకా ఊగుతోంది. నిలువు సెన్సర్ల మీద ఎస్ గుర్తించొచ్చా?

కొండరాయి:
వద్దు. మట్టి పొర అడుగున అల రూపు మార్చుకుని వచ్చే ముక్క, నిలువు రికార్డులో ఎస్‌లాగే కనిపించి మోసం చేస్తుంది. ఎస్‌ను అడ్డం సెన్సర్ల మీదే చూడాలి. మీ మూడు దిక్కుల సెన్సర్‌ను అనుమానం ఉన్న చోటికి దగ్గరగా మార్చండి. ఎస్, పీ మధ్య తేడాను సెకన్లలో 8తో గుణిస్తే దాదాపు కిలోమీటర్లలో దూరం వస్తుంది. 0.25 సెకన్లంటే 2 కి.మీ. ఒక్క నమ్మకమైన ఎస్ రాక, లోతు విషయంలో ఇంకో మూడు పీ రాకల కంటే మేలు.

గైగర్ వదిలేసి గ్రిడ్ వెతుకులాట చేయండి. 6 కి.మీ. పొడవు, 6 వెడల్పు, 3 లోతు, 50 మీటర్ల గళ్లతో 8,64,000 బిందువులు. మామూలు ల్యాప్‌టాప్‌కి అదేం బరువు కాదు. ప్రతి బిందువు దగ్గరా ప్రయాణ కాలాలు తీసేసి, మిగిలిన వాటి మధ్యస్థాన్ని పుట్టిన క్షణంగా పట్టుకుని, తేడాల పరిమాణాలను కూడండి. వర్గాలు చేయకండి, ఒక్క తప్పు రాక మొత్తాన్ని లాక్కుపోతుంది. కనిష్ఠం ఒక్కటే చూడకుండా చుట్టూ దాదాపు అంతే బాగా కుదిరే బిందువుల మబ్బు ఎటు సాగిందో మ్యాప్ మీద వేయండి. నిలువుగా సాగితే లోతు ఇంకా కుదరనట్టే.

ఖోండలైట్:
దీనికంటే ముందు ఆ చప్పుడు నేలలోదేనా అని తేల్చుకోండి. జియోఫోన్‌కి గాలి మోత కూడా అందుతుంది. దూరం ఎక్కే కొద్దీ రాక సెకనుకు 340 మీటర్ల చొప్పున వెనకబడితే అది గాలిలో వచ్చిందే. 2 కి.మీ. దూరానికి దాదాపు 6 సెకన్లు. రాతిలో పీ అయితే అరసెకను కూడా పట్టదు. హౌరా లైను రైళ్లు నిమిషాల తరబడి సన్నగా మొదలై పెరుగుతాయి, పదునైన మొదలు ఉండదు. 50 హెర్ట్జ్‌కి కాస్త కింద సన్నటి గీత కనబడితే దగ్గర్లో బోరు మోటారు ఉంది, పెట్టె ఇంకో చోట పాతండి.

వానల తర్వాత వచ్చిన ఘటనల్లో మూడింటి రాకల పట్టిక, ప్రతి పెట్టె ఎత్తుతో సహా ఇక్కడ పెట్టండి. ఎత్తు సముద్రమట్టం నుంచి ఇవ్వాలి, కొండ మీద పెట్టెకు మరీ ముఖ్యం.