పాత గుమ్మం టేకు, పనస కలిపి ఎలక్ట్రిక్ గిటార్ బాడీ చేయొచ్చా?

ఆరుతీగలు:
తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు టేకు ద్వారబంధం దాచిపెట్టాను, 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. దాంతో స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) ఆకారంలో బాడీ చేద్దామని. మెడ రెడీమేడ్‌ది కొంటాను, అది నా వల్ల కాదు. మొత్తం టేకే పెట్టాలా, వెనక పనస పెట్టి పైన టేకు పలక అతికించాలా? వీణలకి పనసే కదా, సౌండ్ బాగుంటుందని మా బావ అంటున్నాడు. మొన్న గాలివానకి పడిన పనస దుంగ పెరట్లోనే ఉంది.

రాత్రిషిఫ్ట్:
బొబ్బిలి వీణ పనస దుంగని తొలిచే చేస్తారు, నిజమే. కానీ అక్కడ కుండ బోలుగా ఉంటుంది, చెక్కే మోగాలి. మీ గిటార్‌లో తీగ కదలికని పికప్ అయస్కాంతంతో పట్టుకుంటుంది కాబట్టి చెక్క సౌండ్ గురించి టెన్షన్ వద్దు (దీని మీద కొట్టుకునేవాళ్ళు ఉన్నారు, నా చెవికి మాత్రం పికప్ మారిస్తేనే తేడా తెలిసింది). చూడాల్సింది బరువు. ఆల్డర్ చెక్క బాడీ 2 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, మొత్తం టేకైతే 3 దాకా పోతుంది, దానికి మెడ, బ్రిడ్జి (బాడీ మీద తీగల్ని మోసే ముక్క) అదనం. రెండు గంటలు నిలబడి వాయిస్తే భుజం చెప్తుంది.

చెక్కపొట్టు:
పచ్చి పనస ఇప్పుడు ముట్టుకోకండి. నేను సామిల్లులో కోయించి మూడు నెలలకే అతికించాను, ఎండాకాలం వచ్చేసరికి అతుకు దగ్గర గోరు దూరేంత సందు. పలకలు కోయించి, చివర్లకి పెయింట్ పూసి, మధ్యలో రీపర్లు పెట్టి నీడలో పేర్చండి, అంగుళం మందానికి సుమారు ఏడాది. నెలకోసారి తూచండి, బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు.

టేకులో మేకులుంటాయి, కోసే ముందు అయస్కాంతం పెట్టి వెతకండి, మడతబందు కింద విరిగిపోయిన మేకు ఒకటి నా రూటర్ (చెక్క తొలిచే మిషన్) బిట్‌ని తినేసింది. ఇంకోటి, టేకులో నూనె ఉంటుంది, చిత్రిక పట్టిన రోజే థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే జిగురు రాసి బిగించాలి.

ఆరుతీగలు:
ఏడాది ఆగే ఓపిక లేదండీ.

రాత్రిషిఫ్ట్:
అయితే వెనకకి ఆరిన మహాగని కొనండి, 38 మి.మీ. మందం, పైన 6 మి.మీ. టేకు. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ గిటార్ కూడా ఇలాంటిదే, కింద మహాగని, పైన మేపుల్ మూత. అతికించే ముందే మహాగనిలో గుల్లలు తొలిచేస్తే బరువు దిగుతుంది, టేకు కింద కనబడవు కూడా, కాకపోతే బ్రిడ్జి కింద, మెడ బిగించే చోట తొలవొద్దు. పాత చెక్క అని అనుమానపడకండి, క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే 1963లో వాళ్ళ నాన్నతో కలిసి మొదలుపెట్టిన గిటార్‌కి మెడ పాత ఫైర్‌ప్లేస్ చెక్కే.

ఆరుతీగలు:
ఒక చిక్కు. గడప ముక్క మాత్రం అమ్మ ముట్టుకోనివ్వట్లేదు, ఇన్నేళ్ళు పసుపు రాసిన చెక్కని రంపంతో కోస్తావా అని. నిలువు చెక్కలు రెండే మిగిలాయి.

చెక్కపొట్టు:
ఒక్కటి చాలు. ఆరడుగులుంటే 20 అంగుళాల ముక్కలు మూడొస్తాయి, పక్కపక్కన అతికిస్తే వెడల్పు సరిపోతుంది. రెండోది తప్పులకి ఉంచుకోండి.