స్కైబోల్ట్ కడుతున్నా: ట్యూబులు గ్యాస్‌తో అతకాలా, టిగ్‌తోనా?

డాలస్_శ్రీను
అందరికీ నమస్కారం. స్టీన్ స్కైబోల్ట్ అని, ఇంట్లో కట్టుకునే రెండు సీట్ల విన్యాసాల విమానం, దాని ప్లాన్లు కొని రెండేళ్ళయింది. రెక్కకి ఆకారమిచ్చే పక్కటెముకలు, అదే రిబ్బులు, అయిపోయాయి, ఫ్యూజలాజ్ (విమానం ఒళ్ళు) దగ్గర ఆగాను. మూడు సందేహాలు. ఫ్రేముకి వాడే 4130 ఉక్కు ట్యూబులు గ్యాస్ మంటతో అతకాలా, టిగ్‌తోనా (ఆర్గాన్ కప్పి, కరెంటు ఆర్క్‌తో)? కార్బురేటర్ ఉన్న ఓ-360 ఇంజిన్ సరిపోతుందా? రెక్కకి గుడ్డ వేశాక దాన్ని రిబ్బులకి కుట్టే రిబ్ స్టిచింగ్ ఒక్కడినే చేసుకోగలనా? "గరాజ్‌లో నా కారు మళ్ళీ ఎప్పుడు పెట్టుకోవాలి?" అని మా ఆవిడ రోజూ అడుగుతోంది. దానికీ జవాబుంటే చెప్పండి.

పిట్స్‌పిచ్చి
మీ ఆవిడ ప్రశ్నకే చెప్తాను. నేను కట్టిన చిన్న రెండంతస్తుల రెక్కల విమానం, పిట్స్ ఎస్-1సీకి 11 ఏళ్ళు పట్టింది. మధ్యలో రెండు ఇళ్ళు మారాం. దాని పై రెక్క ఒకటే ముక్క, 17 అడుగుల పైమాటే. గరాజ్‌లో చోటు లేక హాల్లో గోడకి వేలాడదీశాను. ఒక దీపావళికి వచ్చిన చుట్టాలంతా దాని కిందే కూర్చుని భోంచేశారు. మా మామగారు సాంబారు గిన్నె ఎత్తినప్పుడల్లా నాకు టెన్షనే.

విశాఖ_వెల్డర్
షిప్‌యార్డులో 22 ఏళ్ళు చేశాను. నా అతుకులు ఎన్ని ఎక్స్‌రే పాసయ్యాయో లెక్కే లేదు. గ్యాస్ అంటే తాతల కాలం పని. కళ్ళు మూసుకుని టిగ్ చెయ్యండి. అతుకులో కరిగించి నింపే ఫిల్లర్ రాడ్డు కూడా 4130దే కొనండి, ఏ లోహానికి ఆ లోహమే.

నీలిమంట
కళ్ళు మూసుకుని చేస్తే అలాగే ఉంటుంది. ఓడ ప్లేటు వేరన్నా, ఈ ట్యూబు వేరు. గోడ మందం 0.035 అంగుళం, అంటే మిల్లీమీటరు కూడా లేదు. 4130 రాడ్డు వేస్తే, అతికాక హీట్ ట్రీట్‌మెంట్ చేస్తేనే దానికి విలువ. అంత పొడుగు ఫ్రేముని ఏ కొలిమిలో పెడతారు? చెయ్యకపోతే అతుకు పెళుసెక్కుతుంది. టిగ్‌కైతే చాలామంది వాడేది ఈఆర్70ఎస్-2 రాడ్డు. అది కాస్త మెత్తన, భారం పడితే విరక్కుండా సాగుతుంది.

నేనైతే గ్యాసే. వేడి చుట్టూ పాకుతుంది, చివర్లో మంటని మెల్లగా వెనక్కి జరుపుతాను, అతుకు తీరిగ్గా చల్లారుతుంది. టిగ్ వాళ్ళు ఉక్కపోస్తోందని పక్కన ఫ్యాన్ పెట్టుకుంటారు, తర్వాత పగుళ్ళొచ్చాయని ఇక్కడికొచ్చి ఏడుస్తారు.

విశాఖ_వెల్డర్
ఫ్యాన్ పెడితే ఆర్గాన్ కొట్టుకుపోతుందని మా హెల్పరుకి కూడా తెలుసు. మీరు ఎన్ని ఫ్రేములు అతికారో చెప్పండి ముందు.

నీలిమంట
ఒకటి. అది ఎగురుతోంది. మీవి?

విశాఖ_వెల్డర్
నావి తేలుతున్నాయి. పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి నేర్చుకోండి.

కవిత_ఎన్‌జే
మీ కొట్లాటలో మూడో ప్రశ్న గాలికి పోయింది. శ్రీను గారూ, స్టిచింగ్ ఒక్కరే చెయ్యొచ్చు గానీ నరకం. రెక్కని నిలబెట్టి అటొకరు ఇటొకరు కూర్చుంటే పొడుగు సూది అటూ ఇటూ హాయిగా నడుస్తుంది. అటువైపు మా అత్తగారు కూర్చున్నారు. ఆవిడది నరసాపురం, చిన్నప్పటి నుంచి లేసు అల్లిన చెయ్యి. నేను వీడియో పదిసార్లు చూసినా పట్టుబడని సీన్ నాట్‌ని ఒక్కసారి చూసి, "ఇది వలలకి వేసే ముడిలాగే ఉందే" అన్నారు. తర్వాత తెలిసింది, సీన్ అంటే ఇంగ్లీషులో చేపల వలేనట! ప్రొపెల్లర్ గాలి తగిలే రిబ్బుల మీద కుట్లు ఇంకా దగ్గరగా రావాలంటే, స్కేలు పెట్టి మరీ కుట్టారు. నావి రెండు వరసలు విప్పించారు కూడా.

ఓహైయో_రాజు
మరి అత్తగారి కష్టం మనం సొంతంగా కట్టాల్సిన 51 శాతంలో లెక్కకొస్తుందా? ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) వాళ్ళు అడగరా?

పిట్స్‌పిచ్చి
ఎందుకు రాదు? సరదాకో నేర్చుకోవడానికో చేసినవాళ్ళు ఎంతమందైనా ఉండొచ్చు. సగానికి పైగా పని అలాంటివాళ్ళు చేసిందై ఉండాలి. డబ్బిచ్చి చేయించింది ఆ లెక్కలోకి రాదు.

విశాఖ_వెల్డర్
నేను హ్యూస్టన్‌లోనే ఉన్నాను. శ్రీను గారికి ఫ్రేమంతా అతికి ఇద్దామనుకున్నాను, తక్కువ రేటుకే.

నీలిమంట
ఇదన్నమాట సంగతి.

విశాఖ_వెల్డర్
ఏది సంగతి? సూటిగా అనండి.

గాల్లో_గోపి
అయ్యా, ఇంజిన్ గురించి ఒక్కరూ మాట్లాడరేం? లూప్, బ్యారెల్ రోల్ వరకే అయితే కార్బురేటర్ చాలు, జీ పాజిటివ్‌గానే ఉంటుంది, అంటే ఒళ్ళు సీటుకే అదిమి ఉంటుంది. తిన్నగా వెళ్తూ మెల్లగా బోర్లా తిరిగే స్లో రోల్ మొదలెట్టారా, తలకిందులవగానే కార్బురేటర్‌లో పెట్రోలు మట్టం చూసే ఫ్లోట్ గతి తప్పి ఇంజిన్ దగ్గుతుంది. ఇన్వర్టెడ్ ఎగరాలంటే ఫ్యూయల్ ఇంజెక్షన్, ట్యాంకులో ఫ్లాప్ ట్యూబు (పెట్రోలు ఎటుంటే అటు వాలే బరువు మూతి గొట్టం), ఇన్వర్టెడ్ ఆయిల్ సిస్టమ్ మూడూ కావాలి. నాకు మొదటి రెండే ఉన్నప్పుడు ఒకసారి బోర్లా తిప్పాను. ఆయిల్ ప్రెషర్ ముల్లు తాపీగా సున్నాకి వచ్చి కూర్చుంది. ఆ నాలుగు సెకన్లలో ఇంజిన్ ఈఎంఐ మొత్తం కళ్ళ ముందు తిరిగింది.

ఓహైయో_రాజు
పూర్తయ్యాక ఇండియా తీసుకెళ్ళి బేగంపేట ఎయిర్ షోలో తిప్పితే ఎలా ఉంటుంది?

పిట్స్‌పిచ్చి
ముందు రన్‌వే మీద సరిగ్గా దిగనివ్వండి. పిట్స్‌లో ల్యాండింగప్పుడు ముందు ముక్కు తప్ప ఏమీ కనబడదు. రన్‌వే రెండంచులూ కంటి చివర్లలో పట్టుకుని దిగాలి. నా మూడో ల్యాండింగ్‌లో తోక నాకంటే ముందుకెళ్ళింది. కింది రెక్క చివర పచ్చడి. అది కట్టడానికి నాకు పట్టింది ఏడాది.

డాలస్_శ్రీను
పదిరోజులు ఊళ్ళో లేను, వచ్చేసరికి ఇంత జరిగిందా! ఇళ్ళల్లో విమానాలు కట్టేవాళ్ళ సంఘం ఉంది కదా, మా చాప్టర్ టెక్నికల్ కౌన్సిలర్ వచ్చి చూశారు. ముందు ఫ్రేమంతా టాక్‌లతో (చిన్న చుక్కల అతుకులతో) నిలబెట్టి, ఆ తర్వాతే అటొకటి ఇటొకటిగా అతకమన్నారు, లేకపోతే వంకర పోతుందట. రాడ్డు 70ఎస్-2నే వాడమన్నారు. అతుకులు నేనే వేసుకుంటాను. విశాఖ గారూ, శనివారం వచ్చి పక్కన నిలబడి తిట్టగలరా? డబ్బులివ్వను, మధ్యాహ్నం పప్పుచారు, ఆమ్లెట్.

విశాఖ_వెల్డర్
వస్తాను. ఈలోగా నేనూ ఇంట్లో రెండు తునకలు అతికి బెంచ్ వైస్‌లో పెట్టి వంచాను. 4130 రాడ్డుది అతుకు అంచున టక్కుమంది. 70ఎస్-2 రాడ్డుది వంగింది. అయినా గ్యాస్ మాత్రం ఒప్పుకోను.

నీలిమంట
నన్నూ పిలవండి. సిలిండర్లు నేనే తెచ్చుకుంటాను.

డాలస్_శ్రీను
రండి. కార్లు మాత్రం వీధిలోనే పెట్టాలి. మా ఆవిడదీ అక్కడే ఉంటోంది.