విశాఖ సిటీ బస్సుకి ఫ్లోరు 400 మి.మీ. ఉండాలా, 650 చాలా?

మద్దిలపాలెం జంక్షన్:
ఇక మీదట మన ఊరికి ఏ సిటీ బస్సు కొన్నా ఫ్లోరు ఎత్తు 400 మిల్లీమీటర్లే ఉండాలని నా వాదన. పట్టణ బస్సుల స్పెసిఫికేషన్లలో మూడు ఎత్తులున్నాయి: 400 లో-ఫ్లోర్, 650 సెమీ లో-ఫ్లోర్, 900 మామూలు బస్సు. 900 ఎక్కాలంటే మొదటి మెట్టే దాదాపు మోకాలెత్తు, ఆపైన ఇంకో రెండు. ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో కూరగాయల సంచి పట్టుకున్న పెద్దావిడకి రాడ్డు పట్టుకునే చెయ్యే మిగలదు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. ఎక్కేవాళ్లు పెరిగినకొద్దీ రూటు టైము తలుపు దగ్గరే పోతుంది. స్టాపుకి 5 సెకన్లు మిగిలినా 30 స్టాపులకి రెండున్నర నిమిషాలు. చెన్నైలో సిటీ బస్సులు నడిపే ఎంటీసీ 2024 ఆగస్టులో 58 లో-ఫ్లోర్ బస్సులు దింపింది. అక్కడా సముద్రమే, అక్కడా వానలే. మనకేం అడ్డం?

పిట్ లైన్:
మద్దిలపాలెం గారూ, చెన్నై పళ్లెంలా చదునుగా ఉంటుంది, మన ఊరు అలా కాదు. లో-ఫ్లోర్ బస్సులో ముందు చక్రం నుంచి బంపరు దాకా సుమారు 2.6 మీటర్లు. ఆ కింది అంచుకి దొరికే కోణం 7 డిగ్రీల చుట్టుపక్కలే. చదును రోడ్డు ఒక్కసారిగా నూటికి 12 కన్నా ఎక్కువ వాలుతో లేస్తే బంపరు గీసుకుపోతుంది. స్పీడ్ బ్రేకర్లదీ ఇదే గొడవ. రోడ్ల కొలతలు నిర్ణయించే ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) చెప్పిన బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, దాని మీద ఏ బస్సైనా పోతుంది. కాలనీల్లో ఎవరికి వారు అడుగు వెడల్పున నిటారుగా పోసుకున్న వాటి మీద పోదు. కైలాసగిరి ఘాట్‌కి, సింహాచలం కొండకి ఈ బస్సు ఊసే వద్దు.

ఇంకోటి, గాలి. ఫ్లోరు అంత కిందికి దించాలంటే కమాన్ కట్టలు తీసి ఎయిర్ బెలోస్ (గాలి నింపిన రబ్బరు సంచులు) పెట్టాలి, వెనక మధ్యభాగం కిందికి దిగిన పోర్టల్ యాక్సిల్ కావాలి, టైర్లు కూడా 275/70 ఆర్22.5 లాంటి పొట్టివి. బీచ్ రోడ్డు ఇసుక బెలోస్‌కీ కింది పిస్టన్‌కీ మధ్య చేరి రబ్బరుని అరగదీస్తుంది. ఉప్పుగాలికి ఎత్తు చూసే సెన్సర్ లింకు రాడ్డు జాయింట్ తుప్పెక్కి బిగుసుకుంటే బస్సు ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. మన ఉక్కపోతకి, గాలిలో తేమ పీల్చే ఎయిర్ డ్రయ్యర్ త్వరగా తడిసిపోయి, నీళ్లు వాల్వుల్లోకి పోతాయి. అందుకే రోజూ ట్యాంకుల నీళ్లు వదలాలి, చదును గచ్చు మీద నాలుగు మూలల ఎత్తూ టేపుతో కొలవాలి, బెలోస్ మడతల మీద సబ్బునీళ్లు పూసి బుడగలు చూడాలి. రాత్రి షిఫ్టులో ఇద్దరే ఉన్న డిపోలో ఇది మొదటి నెల జరుగుతుంది, ఆపైన జరగదు. 650 బస్సుకీ ఎయిర్ సస్పెన్షన్ ఉండొచ్చు గానీ, ఒక పక్క కుంగినా కింద రోడ్డు తగలదు. నా ఓటు దానికే.

ర్యాంపు లెక్క:
పిట్ లైన్ గారూ, మీరు చెప్పినవి కాదనను. కానీ 650 మధ్యేమార్గం అనుకోవద్దు, వీల్‌చెయిర్‌కి అది మూసిన తలుపే. బెలోస్‌లో గాలి కొంత వదిలి బస్సు స్టాపు వైపు 60 మి.మీ. వంగిందనుకుందాం. 400 బస్సు 340కి దిగుతుంది, 650ది 590కి. ఫుట్‌పాత్ అంచు 150 ఉంటే మిగిలే తేడా ఒకదానికి 190, ఇంకోదానికి 440. మడత ర్యాంపు పొడవు 900 అనుకుంటే 190కి వాలు 12 డిగ్రీలు. వెనక నుంచి ఒకరు తోస్తే ఎక్కొచ్చు. 440కి 29 డిగ్రీలు. దాని మీద ఎవరూ తోయలేరు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ రవాణా అందరికీ అందాలంటోంది. 29 డిగ్రీల ర్యాంపు పెట్టి అది అందించామని చెప్పలేం.

మద్దిలపాలెం గారికీ ఒక మాట. బస్సు అంచుకి 10 సెం.మీ. లోపు ఆగకపోతే మీ 400 కూడా వృథా. స్టాపులో ఆటోలు నిలబడితే డ్రైవర్ మీటరు దూరంలో రోడ్డు మీదే ఆపుతాడు. అప్పుడు ర్యాంపు రోడ్డు మీద పడుతుంది, 340కి వాలు 22 డిగ్రీలు. రోడ్డు పక్కకి తవ్వి కట్టే బస్ బేలు పరిస్థితిని ఇంకా చెడగొడతాయి: 12 మీటర్ల బస్సు వంపులోకి తిరిగి ముక్కు దూరుస్తుంది, మధ్య తలుపు బయటే ఉండిపోతుంది. బే పూడ్చేసి ఫుట్‌పాత్‌నే లేన్ అంచుదాకా తిన్నగా తెస్తే ఆటోకి నిలబడే చోటు ఉండదు, బస్సు తిప్పకుండా ఆగుతుంది.

పెందుర్తి వైపు:
పెందుర్తి, సింహాచలం బీఆర్‌టీఎస్ (బస్సులకి విడిగా లేన్లు వేసిన) కారిడార్లు ఉండనే ఉన్నాయి. అహ్మదాబాద్ బీఆర్‌టీఎస్ అయిన జన్‌మార్గ్‌లో ఫ్లోరూ 900, ప్లాట్‌ఫామూ 900. ర్యాంపు గొడవే లేదు.

ర్యాంపు లెక్క:
ఆ బస్సులకి ప్లాట్‌ఫాం వైపు కుడి తలుపులు ఉంటాయి. మన బస్సు కారిడార్ దాటి మామూలు స్టాపుల్లోనూ ఆగాలి. అక్కడ మళ్లీ 900 ఎత్తు ఎక్కాల్సిందే.

తగరపువలస:
సీట్ల మాట ఎవరూ ఎత్తట్లేదు. 400 బస్సులో చక్రాల గూళ్లు లోపలికి పొడుచుకొస్తాయి, సీట్లు తగ్గుతాయి. ముందు భాగం మాత్రమే కిందికి ఉండే లో-ఎంట్రీ రకంలో వెనక భాగానికి రెండు మెట్లు. జనం అవి ఎక్కరు, ముందే కుక్కుకుంటారు, వెనక ఖాళీగా ఉంటుంది. మా వైపు నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి గంట పైమాటే. అంతసేపు నిలబడేవాళ్లకి ఫ్లోరు ఎత్తు కన్నా సీటే ముఖ్యం.

మద్దిలపాలెం జంక్షన్:
ఒప్పుకుంటున్నాను, 'ఏ బస్సైనా' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. దూరం రూట్లకి 650 ఉండనివ్వండి. కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం దారిలో మాత్రం 400 అడుగుతాను; అక్కడ ఎక్కి దిగేవాళ్లు ఎక్కువ, ఘాట్ లేదు. కేంద్రం పథకం పీఎం ఈ-బస్ సేవలో లాగా కిలోమీటరుకి ఇంత అని ఆపరేటర్‌కి చెల్లించే ఒప్పందమైతే ఒక షరతు రాయాలి: పొద్దున డిపో గేటు దగ్గర ర్యాంపు తెరుచుకోకపోయినా, బస్సు వంగకపోయినా ఆ రోజు కిలోమీటర్లకి కోత. సబ్బునీళ్ల పరీక్ష అప్పుడు రెండో నెల కూడా జరుగుతుంది.

పిట్ లైన్:
ఆ షరతు ఉంటే, ఆ ఒక్క రూటుకి నాకూ సమ్మతమే. కాకపోతే కొనకముందు దారి కొలవాలి. ఇప్పుడున్న 12 మీటర్ల బస్సుకి బంపరు ముందంచున, నేలకి 32 సెం.మీ. ఎత్తులో రబ్బరు పట్టీ వేలాడదీయండి, 2.6 మీటర్లకి 7 డిగ్రీలంటే అంతే వస్తుంది. రెండు చక్రాల మధ్య ఇంకో పట్టీ, కొనబోయే బస్సు గ్రౌండ్ క్లియరెన్స్ ఎత్తులో. అర్ధరాత్రి ఖాళీ బస్సుని ఆ రూటులో, సర్వీసు రోడ్లలోనూ రెండు వైపులా నడపండి. పట్టీ తగిలిన ప్రతిచోటా సున్నంతో గుర్తు పెట్టి, ఆ బ్రేకర్లని ఐఆర్‌సీ కొలతకి మార్చాకే టెండరు పిలవాలి.