వేసవిలో హీటింగ్ ఆపినా రేడియేటర్లు కాలుతున్నాయి: వాల్వు లోపమా, పైపుల లోపమా?

కొత్తకాపురం:
ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో అద్దె ఇల్లు. నీళ్ళు కాచే బాయిలర్ వంటగదిలో, వేడినీళ్ళ సిలిండర్ పై అంతస్తు అల్మారాలో. మే నుంచి హీటింగ్ పూర్తిగా ఆపేశాను. అయినా పొద్దున స్నానాలకు గంటసేపు వేడినీళ్ళు పెడితే చాలు, రేడియేటర్లు (బాయిలర్ వేడినీరు పారి గదుల్ని వేడిచేసే పలకలు) చెయ్యి పెట్టలేనంతగా కాలుతున్నాయి. నిన్న పాప పడుకునే గదిలో 29 డిగ్రీలు. రేడియేటర్లకు పాతకాలం పిడులే ఉన్నాయి, వాటిలో రెండు బిగుసుకుపోయి తిరగడం లేదు. లోపం ఎక్కడుంటుంది?

పాతగొట్టాలు:
సిలిండర్ పక్కన మూడు దారుల మోటారు వాల్వు ఉందేమో చూడండి. పంపు తోసే నీరు సిలిండర్‌కు వెళ్ళాలా, రేడియేటర్లకు వెళ్ళాలా, రెండింటికీనా అన్నది తేల్చేది అదే. కరెంటు అందనప్పుడు స్ప్రింగు దాన్ని సిలిండర్ వైపు లాగి ఉంచుతుంది. అది పట్టేసి నడిమధ్యలో ఆగిపోతే, వేడినీళ్ళు పెట్టినప్పుడల్లా రేడియేటర్లకూ వాటా వెళ్తుంది. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే.

గోదావరిగట్టు:
చూడకుండానే తేల్చేశారు. మా ఇంట్లోనూ అందరూ వాల్వు అనే అన్నారు. రెండుసార్లు మార్పించాను, దాదాపు 400 పౌండ్లు పోయాయి, వేడి మాత్రం తగ్గలేదు. చివరికి ఒక పెద్దాయన వచ్చి పైపుల దారి చూశాడు. రేడియేటర్ల తిరుగు పైపులన్నీ (నీటిని బాయిలర్‌కు తిరిగి తెచ్చేవి) కలిశాక, బాయిలర్‌కు దగ్గరగా, చిట్టచివర సిలిండర్ తిరుగు పైపు కలవాలి. మా ఇంట్లో దాన్ని ముందే కలిపేశారు. వేడినీరు వెనకదారిన రేడియేటర్‌లోకి ఎక్కుతోంది. వాల్వుకు ఏ సంబంధమూ లేదు.

తడిగొడుగు:
వేసవంతా బాయిలర్ కట్టేసి సిలిండర్‌లోని కరెంటు హీటర్ వాడుకోండి.

పాతగొట్టాలు:
కరెంటు యూనిట్ ధర గ్యాసు యూనిట్‌కు కొన్ని రెట్లు. పసిపిల్ల ఉన్న ఇంటికి ఆ సలహా ఇవ్వకండి. గట్టు గారూ, మీ ఇంట్లో ఎన్ని రేడియేటర్లు కాలాయి?

గోదావరిగట్టు:
ఒకటి. ఒక్కోసారి రెండు.

పాతగొట్టాలు:
తేడా అక్కడే ఉంది. వెనకదారిన ఎక్కే నీరు ఆ దారిలో ఉన్న ఒకటి రెండింటినే వేడిచేస్తుంది. ఇక్కడ అన్నీ కాలుతున్నాయి.

గోదావరిగట్టు:
"అన్నీ" అని వారు రాయలేదు. "రేడియేటర్లు" అన్నారు. మళ్ళీ చదవండి.

కొత్తకాపురం:
కింద హాల్లోది తప్ప అన్నీ కాలుతున్నాయి.

గోదావరిగట్టు:
చూశారా, కిందిది చల్లగానే ఉంది! వేడినీరు తేలిక, దానంతట అదే పైకి ఎక్కుతుంది. ఇది పైపులు వేసినప్పటి నుంచీ ఉన్న గుణం.

కొత్తకాపురం:
హాల్లోదాని పిడి మూసి ఉందండీ. కింద వంటగదిలోది కాలుతోంది.

పాతగొట్టాలు:
అయితే ఒక పరీక్ష చేయండి. రాత్రంతా అన్నీ ఆపి, పైపులు చల్లారాక వేడినీళ్ళు మాత్రమే పెట్టండి. వాల్వు నుంచి రేడియేటర్ల వైపు వెళ్ళే పైపును మొదటి అయిదు నిమిషాలూ తాకుతూ ఉండండి. అది సిలిండర్ పైపుతో పాటే వేడెక్కితే నీరు వాల్వు దాటిపోతున్నట్టే. వాల్వు పక్కనున్న చిన్న లివర్‌ను వేలితో కదపండి. అప్పుడది బరువుగా ఉండాలి. వదులుగా ఆడితే వాల్వు సిలిండర్ వైపు వెనక్కి రాలేదన్నమాట. మూత మాత్రం విప్పకండి, లోపల 230 వోల్టులు.

ఉత్తరపుగాలి:
అద్దెకున్నవారు ఇంత ఎందుకు చేయాలి? ఇంగ్లండ్‌లో 1985 నాటి అద్దె చట్టం 11వ సెక్షన్ ప్రకారం హీటింగ్, వేడినీళ్ళ ఏర్పాట్లు సరిగా పనిచేసేలా ఉంచాల్సింది యజమానే. రాతపూర్వకంగా అడగండి.

కొత్తకాపురం:
యజమాని మన వారే. ఊళ్ళో మా పిన్నికి తెలిసిన కుటుంబం. మేము వచ్చిన మొదటి వారం అన్నం పంపింది వాళ్ళే. ఫోను చేస్తే, "వేసవిలో హీటింగ్ గొడవేమిటమ్మా, పిడులు మూసేయండి" అన్నారు. మళ్ళీ అడగలేకపోతున్నాను.

గోదావరిగట్టు:
అదే చెబుతున్నాను. పైపుల తీరే అలా ఉంటే అది మరమ్మతు కాదు, ఇల్లే అంత. మనవాడిని చట్టంతో బెదిరిస్తారా?

పాతగొట్టాలు:
ఇప్పుడు అర్థమైంది. లోపం వాల్వుదైతే యజమాని ఖర్చు. పైపులదైతే, మీ లెక్కలో, ఎవరికీ బాధ్యత లేదు. అందుకేనా ఇంత పట్టు? మీరూ ఇల్లు అద్దెకిచ్చారా?

గోదావరిగట్టు:
ఇచ్చాను! దాచాల్సిన పని లేదు. నేను చెప్పిన 400 పౌండ్లు పోయింది ఆ ఇంటి మీదే. ఆ కుటుంబానికి మొదటి నెల డిపాజిట్ కూడా అడగలేదు. వాళ్ళు నాకు ఒక్క మాట చెప్పకుండా స్థానిక కౌన్సిల్‌కు ఫిర్యాదు పెట్టారు. తలుపు తట్టి అడిగితే కాదంటానా? అద్దె తగ్గించి ఇచ్చేవాడికి కనీసం ఆ మర్యాద దక్కకూడదా?

ఉత్తరపుగాలి:
వీరు ఫోను చేసి అడిగారు కదా. ఇంకేం మర్యాద కావాలి? అన్నం పంపిన చేత్తో వాల్వూ మార్పించవచ్చు.

కొత్తకాపురం:
పరీక్ష చేశాను. రెండు పైపులూ నాలుగు నిమిషాల్లో కాలాయి. లివర్ వదులుగా ఆడుతోంది.

గోదావరిగట్టు:
లివర్ ఒక్కటే చూసి తేల్చకూడదు. తిరుగు పైపు ఎక్కడ కలుస్తుందో కూడా చూపించండి.

కొత్తకాపురం:
చూపిస్తాను, పనివాడు వచ్చినప్పుడు. ఇప్పుడే యజమాని గారికి ఈమెయిలు రాశాను, పాప గదిలోని థర్మామీటర్ ఫోటో జతచేసి. మొదటి వాక్యంలో వాళ్ళు పంపిన అన్నం గురించే రాశాను. ఇంకా జవాబు రాలేదు.