అప్‌డేట్: నాన్నకి ఇయర్‌బడ్స్ పెట్టి చూశాం

నెల కిందట ఇక్కడే అడిగాను: నాన్నకి వినికిడి తగ్గింది, వినికిడి మిషన్‌కి లక్ష దాకా చెబుతున్నారు, బదులుగా ఆపిల్ వాళ్ల ఇయర్‌బడ్స్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2 పనికొస్తాయా అని. ముందు ఆడియోగ్రామ్ (ఏ చెవికి ఎంత వినిపిస్తుందో చూపే పరీక్ష చార్టు) తీయించమన్న వాళ్లకి దండం. విజయవాడ సూర్యారావుపేటలో చేయించాం. శబ్దం ఎడమ చెవికి 45 డెసిబెల్స్, కుడి చెవికి 50 ఉంటే గానీ వినిపించట్లేదు. అంటే మధ్యస్థ లోపం. అమెరికాలో మందులు, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 సెప్టెంబరులో వీటి హియరింగ్ ఎయిడ్ సాఫ్ట్‌వేర్‌కి అనుమతిచ్చింది కూడా 18 ఏళ్లు దాటిన, స్వల్ప, మధ్యస్థ లోపం ఉన్నవాళ్లకే. అంతకు మించితే ఇవి చాలవు.

ఆడియోగ్రామ్‌ని నా పాత ఐఫోన్‌లో హెల్త్ యాప్‌లోకి ఎక్కించి, హెడ్‌ఫోన్ అకామడేషన్స్ (వినికిడికి తగ్గట్టు శబ్దాన్ని సర్దే సెట్టింగ్) ఆన్ చేసి, బయటి శబ్దాలు చెవిలోకి వినిపించే ట్రాన్స్‌పరెన్సీ మోడ్‌లో పెట్టాను. మొదటి రోజు నాన్న అన్న మాట: "ఒరేయ్, చెంచా పళ్లెంలో పెడితే ఇంత మోతా?" పేపరు తిప్పిన చప్పుడుకి కూడా ఉలిక్కిపడ్డారు. వాల్యూమ్ తగ్గించి, వారం పాటు రోజూ కాసేపే పెట్టించాను.

ఇంట్లో టీవీ సౌండ్ సగానికి తగ్గింది, అమ్మకి గొంతు మిగిలింది. బీసెంట్ రోడ్డులో మాత్రం హారన్ల గోలలో కొట్టువాడి మాట అందలేదు, నాన్న వాటిని తీసి జేబులో పెట్టేశారు. ఛార్జింగ్ కూడా ఒక పూటకే. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కేసులో పెట్టేస్తున్నాం.

ఇంకో చిక్కు: చెవిలో అవి చూసి, పాటలు వింటున్నారనుకుని చుట్టాలు పలకరించకుండా వెళ్లిపోతున్నారు! నాన్నకి అదే కోపం.